లింకులు కలిపినా తారీఖులు కదలకూడదంటే: మేకు ఎక్కడ కొట్టాలి, ఎక్కడ కొట్టకూడదు

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ. జీ ప్లస్ 2 ఇల్లు ఒకటి కడుతున్నారు. మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్‌లో 140 టాస్కులతో షెడ్యూల్ వేసి, ఏ పని తర్వాత ఏ పనో అన్నిటికీ లింకులు కలిపారు. రెండో స్లాబు నాలుగు రోజులు వెనకబడిందని ఒక్కచోట మారిస్తే కిందున్నవన్నీ వరసగా జరిగిపోయాయి. లిఫ్టు బిగించేవాళ్లు ఇచ్చిన తారీఖు జరిగింది, ఓనరు గారి గృహప్రవేశం తారీఖు కూడా జరిగింది. ఇవి కదలకూడదు, ఏం చెయ్యాలి? మీ ఆఫీసులో ఒకాయన "అన్నీ సెలెక్ట్ చేసి మాన్యువల్లీ షెడ్యూల్డ్ (లింకులతో పనిలేకుండా, చేత్తో ఇచ్చిన తారీఖే ఉంచే పద్ధతి) కొట్టెయ్, ఇక కదలవు" అన్నారట.

నిజమే, కదలవు. అందుకే ఆ పని చెయ్యొద్దంటున్నాను.

ప్లానింగ్‌లోకి వచ్చిన కొత్తలో నేనూ అదే చేశాను. అంతకంటే ఘోరం, నాకంటే ముందున్నాయన చేసిపెట్టిన ఫైలుని అలాగే నమ్మాను. కృష్ణా డెల్టాలో ఒక కాలువ మీద వంతెన పని. అక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు, వేసవిలో కాలువలు కట్టేస్తారు, ఆ క్లోజర్ పీరియడ్‌లోనే కాలువలో ఏ పనైనా. ఖరీఫ్‌కి నీళ్లొదిలితే మళ్లీ వేసవి దాకా లోపల కాలు పెట్టలేం. మా ఫైల్లో కాలువ మధ్య పియర్ (వంతెన స్తంభం) పని మొదలయ్యే తారీఖుకి మస్ట్ స్టార్ట్ ఆన్, అంటే కచ్చితంగా ఆ రోజే మొదలవ్వాలనే బంధనం, పెట్టి ఉంది. ఒడ్డున అబట్‌మెంట్ (వంతెన చివరి ఆధారం) కింద పైల్స్ అయ్యాక, వాటిని తవ్విన రిగ్గు యంత్రమే కాలువలోకి దిగాలి, లింకు కూడా ఉంది. పైల్స్ రెండు వారాలు వెనకబడ్డాయి. నేను ప్రతి సోమవారం అప్‌డేట్ చేస్తున్నాను, చార్టులో పియర్ పని మాత్రం అంగుళం కదల్లేదు. చూసినవాళ్లందరికీ "కాలువ పని టైముకే ఉంది" అనిపించింది. బొమ్మలో ఒకే రిగ్గు రెండు చోట్ల పనిచేస్తోందని గమనించినవాడు లేడు. గమనించాల్సినవాణ్ని నేనే. నీళ్లు వచ్చేశాయి, పియర్ క్యాప్ (స్తంభం పై భాగం) మిగిలిపోయింది, పని మళ్లీ వేసవికి పోయింది.

ఆ ఏడాది నుంచి ఎవరైనా "తారీఖు కదలకూడదు" అంటే నేను అడిగేది ఒకటే: ఆ తారీఖుని నిలబెట్టింది ఎవరు? పంచాంగమా, నీళ్లొదిలే ఇరిగేషన్ శాఖా, సప్లయరా, మన మాటా, లేక పాత ప్లాను గుర్తుండాలన్న కోరికా? ఒక్కోదానికి సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో చోటుంది. మనం మాత్రం అన్నిటికీ ఒకే మేకు కొడతాం. సాఫ్ట్‌వేర్‌కి తారీఖు కాదు, ఆ తారీఖు వెనకున్న కారణం చెప్పాలి.

ముందు మీ ఫైల్లో ఇప్పటికే ఎన్ని మేకులున్నాయో చూసుకోండి, మీకు తెలియకుండానే చాలా ఉంటాయి. స్టార్ట్ కాలమ్‌లో మీరు చేత్తో తారీఖు టైపు చేస్తే ప్రాజెక్ట్ దాన్ని "నా ఇష్టం" అనుకోదు, స్టార్ట్ నో ఎర్లియర్ దాన్, అంటే ఆ రోజుకంటే ముందు మొదలవ్వకూడదనే బంధనం పెట్టేస్తుంది. ఫినిష్ కాలమ్‌లో టైపు చేస్తే ఫినిష్ నో ఎర్లియర్ దాన్. గాంట్ చార్టులో బార్‌ని మౌసుతో పట్టుకుని పక్కకి లాగినా అంతే. ఎడమ పక్క ఇండికేటర్ కాలమ్‌లో చిన్న క్యాలెండర్ బొమ్మ కనిపిస్తుందే, అదే ఆ మేకు. దాని మీద మౌసు పెడితే ఏ బంధనమో, ఏ తారీఖో చెబుతుంది. 140 టాస్కులకి తారీఖులన్నీ ఎక్సెల్ నుంచి కాపీ పేస్ట్ చేసి ఉంటే దాదాపు ప్రతి టాస్కుకీ ఆ బొమ్మ ఉంటుంది. అలాంటి ఫైల్లో పని ఆలస్యమైతే తారీఖులు తర్వాతి రోజులకి జరుగుతాయి గానీ, పని త్వరగా అయిపోతే ముందు రోజులకి రావు. మేస్త్రీ వారం ముందు ప్లాస్టరింగ్ ముగించినా పెయింటింగ్ కదలదు. మీరు మిగిల్చిన వారం గాల్లో కలిసిపోతుంది.

ఆటోమేటిక్‌గా షెడ్యూల్ అయ్యే టాస్కుకి మొత్తం ఎనిమిది బంధనాలున్నాయి. మామూలుది యాజ్ సూన్ యాజ్ పాజిబుల్, అంటే లింకులు ఎప్పుడు కుదిరితే అప్పుడు. నిజంగా గట్టి మేకులు మస్ట్ స్టార్ట్ ఆన్, మస్ట్ ఫినిష్ ఆన్. వాటి తర్వాత స్టార్ట్ నో లేటర్ దాన్, ఫినిష్ నో లేటర్ దాన్. అమెరికా రక్షణ శాఖ కాంట్రాక్టులు చూసే డీసీఎంఏ అనే సంస్థకి షెడ్యూళ్లని తూచే 14 అంశాల పరీక్ష ఒకటుంది. ఈ నాలుగూ మిగిలున్న పనుల్లో 5 శాతం దాటకూడదని అందులో ఒక గీత. మన ఇళ్ల పనులకి ఆ పరీక్ష ఎవరూ పెట్టరు, కానీ ఆ గీత నాకు నచ్చుతుంది. మీ 140కి లెక్కేస్తే ఏడు. నన్నడిగితే మీకు ఒక్కటి చాలు.

ఆ ఒక్కటి గృహప్రవేశం. ముహూర్తం నిజంగానే కదలదు. జ్యేష్ఠంలో తప్పితే ఆషాఢం దాటి శ్రావణం దాకా ఆగాలి, మధ్యలో మూఢం వస్తే ఇంకా దూరం. కాబట్టి దీనికి మస్ట్ స్టార్ట్ ఆన్ న్యాయమే. కానీ పని మీద పెట్టకండి, మైల్‌స్టోన్ మీద పెట్టండి. "గృహప్రవేశం" అని సున్నా రోజుల టాస్కు ఒకటి సృష్టించి, దానికి ఆ బంధనం పెట్టి, పెయింటింగ్, శానిటరీ ఫిట్టింగులు, కరెంటు కనెక్షన్, లిఫ్టు అన్నీ దానికి ముందు పనులుగా లింకు చెయ్యండి. ఇప్పుడు స్లాబు నాలుగు రోజులు జరిగితే మైల్‌స్టోన్ జరగదు, దానికి ముందున్న పనుల టోటల్ స్లాక్ (ఎన్ని రోజులు ఆలస్యమైనా ఫర్వాలేదో చెప్పే మిగులు) తగ్గుతుంది. మిగులంతా అయిపోతే మైనస్‌లోకి పోతుంది. మైనస్ 4 అని కనిపిస్తే ముహూర్తానికి మీరు నాలుగు రోజులు వెనకున్నారని అర్థం. టోటల్ స్లాక్ కాలమ్‌ని చార్టు పక్కన పెట్టుకోకుండా మేకు కొట్టడమంటే స్పీడోమీటరు మీద గుడ్డ కప్పి బండి నడపడమే. మా కాలువ ఫైల్లోనూ మైనస్ ఉండే ఉంటుంది, ఆ కాలమ్ తెరిచి చూసినవాళ్లు లేరంతే.

ఒక చిన్న ఇబ్బంది. ముహూర్తాలు తెల్లవారుజామున 4 గంటల 12 నిమిషాలకి పెడతారు, ప్రాజెక్ట్‌లో పనివేళలు మాత్రం మామూలుగా ఉదయం 8 నుంచి 12, 1 నుంచి 5. సాఫ్ట్‌వేర్‌కి పురోహితుడి టైము చెప్పకండి. ముందురోజు సాయంత్రం 5 గంటలకి మైల్‌స్టోన్ పెట్టండి. ఎలాగూ ఆ రాత్రి ఇంట్లో మేస్త్రీలుండకూడదు, పాలు పొంగించేవాళ్లుండాలి.

ఈ మేకు పనిచెయ్యాలంటే ఫైల్, ఆప్షన్స్, షెడ్యూల్‌లో "టాస్క్స్ విల్ ఆల్వేస్ ఆనర్ దెయిర్ కన్‌స్ట్రెయింట్ డేట్స్" అనే టిక్కు ఉండాలి. మామూలుగా ఉంటుంది. అది తీసేస్తే లింకుదే పైచెయ్యి, అంటే మస్ట్ స్టార్ట్ ఆన్ ఉన్నా ముందు పని వెనకబడితే ఈ మైల్‌స్టోన్ కూడా కదులుతుంది. "నేను గట్టి బంధనం పెట్టినా కదులుతోంది" అన్నవాళ్ల ఫైలు చూస్తే ఎక్కువసార్లు ఈ టిక్కే ఎగిరిపోయి ఉంటుంది. ముందు పనులున్న టాస్కుకి గట్టి బంధనం పెడుతుంటే ప్లానింగ్ విజార్డ్ ఆపి అడుగుతుంది కూడా, "గొడవ రావచ్చు, మెత్తటి బంధనం పెట్టనా" అని. మనం చదవకుండా "మళ్లీ అడగొద్దు" టిక్కు పెట్టేసి ముందుకెళ్తాం. పెట్టేసి ఉంటే ఆప్షన్స్‌లోకి వెళ్లి దాన్ని తిరిగి తెచ్చుకోండి.

లిఫ్టు సంగతి వేరు. లిఫ్టువాళ్లు "ఫలానా రోజు వస్తాం" అన్నారంటే అర్థం ఆ రోజుకంటే ముందు రారని. మీ షాఫ్టు సిద్ధం కాకపోతే ఆ రోజు కూడా రారు, వచ్చినా తిరిగి వెళ్లిపోతారు. అంటే అది కదలని తారీఖు కాదు, ఒకవైపు మాత్రమే మూసిన తలుపు. దానికి స్టార్ట్ నో ఎర్లియర్ దాన్ సరిగ్గా సరిపోతుంది. షాఫ్టు పని ముందే అయిపోతే లిఫ్టు ఆ రోజు దాకా ఆగుతుంది, షాఫ్టు ఆలస్యమైతే లిఫ్టు దానితోపాటు జరుగుతుంది. జరిగిందని మీకు కోపం రావచ్చు, కానీ అది నిజం, లిఫ్టువాళ్లకి ఫోన్ చెయ్యాల్సిన రోజు వచ్చిందని చార్టు చెబుతోంది. గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే టైల్స్, ఫ్యాక్టరీ నుంచి రావాల్సిన కిటికీలు, అన్నిటికీ ఇదే పద్ధతి. నేనైతే "టైల్స్ సైటుకి చేరిక" అని విడిగా మైల్‌స్టోన్ పెట్టి బంధనం దానికి పెడతాను, ఫ్లోరింగ్ పనిని దానికి లింకు చేస్తాను. ఆర్నెల్ల తర్వాత ఫైలు తెరిచినవాడికి ఫ్లోరింగ్ ఎందుకు ఆగిందో అడక్కుండానే తెలుస్తుంది.

ఇక మాట ఇచ్చిన తారీఖులు. "స్ట్రక్చర్ ఈ నెలాఖరుకి అప్పగిస్తాం" అని మీరు ఓనరుకి చెప్పారు. దీనికి ఫినిష్ నో లేటర్ దాన్ పెట్టాలనిపిస్తుంది, వద్దు. టాస్క్ ఇన్ఫర్మేషన్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్ తెరవండి, డెడ్‌లైన్ అనే గడి ఉంటుంది. చాలామంది దాని జోలికే పోరు, నా లెక్కలో ఈ సాఫ్ట్‌వేర్‌లో అంతకంటే పనికొచ్చే గడి లేదు. అక్కడ తారీఖు ఇస్తే పని యథేచ్ఛగా కదులుతుంది, చార్టులో మాత్రం ఆ తారీఖు దగ్గర చిన్న బాణం గుర్తు నిలబడి ఉంటుంది. పని ఆ బాణాన్ని దాటితే ఇండికేటర్‌లో ఎర్ర గుర్తు వెలుగుతుంది, స్లాక్ కూడా దాని ప్రకారమే లెక్కకొస్తుంది. మాట కదలదు, వాస్తవం కదులుతుంది, రెండిటి మధ్య దూరం కళ్లెదుట ఉంటుంది.

పాత ప్లాను గుర్తుండాలనే కోరికకైతే బంధనాలతో పనే లేదు. ప్రాజెక్ట్ ట్యాబ్‌లో సెట్ బేస్‌లైన్ కొట్టండి. ఆ రోజు ఉన్న తారీఖులన్నీ ఫొటో తీసినట్టు పక్కన భద్రమవుతాయి. ట్రాకింగ్ గాంట్ వ్యూలో పాతవి బూడిద రంగు బార్లుగా కింద, ఇప్పటివి పైన కనిపిస్తాయి. ఇలాంటివి పదకొండు దాచుకోవచ్చు. కాంట్రాక్టరు గడువు పొడిగింపు అడిగినప్పుడు ఒరిజినల్ తారీఖేదని క్లయింటు అడుగుతాడు, అప్పుడు బేస్‌లైన్ లేనివాడు ఈమెయిళ్లు వెతుక్కుంటాడు. మీది ఒక్క ఇంటి పనే అయినా పెట్టుకోండి, ఓనర్లు తాము చేయించిన మార్పులు మర్చిపోతారు.

అయిపోయిన పనుల తారీఖులు కూడా జరుగుతున్నాయా? చాలామందికి జరుగుతాయి. కారణం, పని అయిందని మనసులో ఉంది, సాఫ్ట్‌వేర్‌కి చెప్పలేదు. యాక్చువల్ స్టార్ట్ నమోదు చేస్తే ఆ మొదలు ఇక ఏ లింకుకీ కదలదు, యాక్చువల్ ఫినిష్ ఇస్తే చివర కూడా కదలదు. జరిగిపోయిన రోజుకి బంధనం ఎందుకు? ఇక్కడొక గొయ్యి ఉంది. తారీఖులు ఇవ్వకుండా నేరుగా 100 శాతం అని కొడితే ప్లానులో ఉన్న తారీఖులనే నిజంగా జరిగిన తారీఖులుగా రాసుకుంటుంది. ఫుటింగ్స్ పది రోజులు ఆలస్యంగా అయినా రికార్డులో టైముకే అయినట్టు పడుతుంది. ముందు తారీఖులు, తర్వాతే శాతాలు.

మళ్లీ కాలువ దగ్గరికి వస్తాను, ఎందుకంటే అసలు నేర్చుకున్నది అక్కడే. కాలువ పనికి తారీఖు మేకు తప్పయితే మరేం చెయ్యాలి? ఇరిగేషన్ శాఖ ఇచ్చింది తారీఖు కాదు, ఒక కిటికీ. కిటికీని చెప్పడానికి సాఫ్ట్‌వేర్‌లో ఉన్నది క్యాలెండర్. ఛేంజ్ వర్కింగ్ టైమ్‌లో "కాలువ క్లోజర్" అని కొత్త క్యాలెండర్ సృష్టించి, క్లోజర్ కాని రోజులన్నీ పనిలేని రోజులుగా గుర్తించి, కాలువలో జరిగే టాస్కులకి మాత్రం టాస్క్ ఇన్ఫర్మేషన్‌లో ఆ క్యాలెండర్ తగిలిస్తాను. లింకులు మామూలుగానే ఉంటాయి, బంధనం ఒక్కటీ ఉండదు.

అంకెల్లో చూడండి. 2026లో క్లోజర్ ఏప్రిల్ 16 నుంచి జూన్ 5 వరకు అనుకుందాం. ఆదివారాలు తీసేస్తే 44 పనిదినాలు. కాలువలో పని 36 రోజులు. ఒడ్డున పైల్స్ ఏప్రిల్ 15కి అయితే ఎనిమిది రోజులు చేతిలో ఉన్నాయి. పైల్స్ 12 పనిదినాలు జరిగాయి. మస్ట్ స్టార్ట్ ఆన్ పెట్టిన ఫైల్లో పియర్ ఇంకా ఏప్రిల్ 16నే మొదలవుతుంది, అందరూ హాయిగా నిద్రపోతారు. క్యాలెండర్ పెట్టిన ఫైల్లో పియర్ పని జూన్ 5 దాకా వచ్చి, మిగిలిన నాలుగు రోజుల పని వచ్చే ఏడాది క్లోజర్‌లోకి దూకుతుంది, వంతెన పూర్తయ్యే తారీఖు దాదాపు పదకొండు నెలలు వెనక్కి పోతుంది. అది చూసిన ప్రాజెక్ట్ మేనేజరు ఆ సాయంత్రమే రెండో రిగ్గు కోసం ఫోన్ తీస్తాడు. నాలుగు రోజుల కొరతకి ఏడాది శిక్ష అని చార్టు ఏప్రిల్‌లోనే చెబితే ఆ నాలుగు రోజులు సంపాదించే దారులు బోలెడు. జూన్‌లో చెబితే ఒక్కటీ లేదు. ఒక జాగ్రత్త: వచ్చే ఏడాదికి కూడా క్లోజర్ రోజులు అంచనాగా వదిలి, మిగతా రోజులన్నీ క్యాలెండర్లో మూసి పెట్టుకోవాలి, లేకపోతే సాఫ్ట్‌వేర్ పాపం నీళ్లలోనే పని చేయించేస్తుంది. రైలు పట్టాల మీద గర్డర్లు ఎత్తడానికి ఇచ్చే ట్రాఫిక్ బ్లాకులకీ ఇదే పద్ధతి.

మీ ఇంటి పనిలో ఇలాంటిది ఏదీ లేదనుకుంటున్నారేమో, వర్షాకాలం ఉంది. బయటి గోడల పెయింటింగ్‌కి వానలు కురిసే నెలలు మూసేసిన క్యాలెండర్ తగిలించి చూడండి.

మాన్యువల్లీ షెడ్యూల్డ్ గురించి కూడా న్యాయంగా చెప్పాలి. 2010 వెర్షన్‌లో వచ్చింది. అప్పటినుంచి కొత్త ఫైలు తెరిస్తే కొత్త టాస్కులు మామూలుగా మాన్యువల్‌గానే పడతాయి, కింద స్టేటస్ బార్‌లో మార్చుకోవచ్చు. పుష్‌పిన్ బొమ్మ ఉంటుంది. ఇంకా రోజులు తేలని పనులు, "ఇంటీరియర్ డిజైనరుతో మాట్లాడాలి" లాంటివి, రాసిపెట్టుకోవడానికి బాగుంటుంది, తారీఖు బదులు మాటలు కూడా రాసుకోవచ్చు. కానీ ముందు పని వెనకబడితే ఇది కదలదు, తారీఖు కింద ఎర్రగా వంకర గీత మాత్రం గీస్తుంది. దీని తర్వాతున్న పనులు దీన్ని చూసుకుని నిలబడతాయి కాబట్టి ఆలస్యం ఇక్కడే ఆగిపోయి ఆ వైపుకి పోదు. గొలుసులో ఒక లంకె తెగినట్టే. 140 మాన్యువల్ చేస్తే గొలుసే ఉండదు, రంగుల ఎక్సెల్ షీటు మిగులుతుంది, దానికి ఇంత ఖరీదు లైసెన్సు దండగ. ఇప్పటికే చేసేసి ఉంటే టాస్క్ ట్యాబ్‌లో రెస్పెక్ట్ లింక్స్ బటన్ ఉంది. అది నొక్కితే ఎంచుకున్న టాస్కులు లింకుల ప్రకారం ఎక్కడుండాలో అక్కడికి జరుగుతాయి.

లింకుల వల్ల కాకుండా వేరే కారణాలతో తారీఖులు దూకడం కూడా ఉంది. లెవెలింగ్ (ఒకే మనిషికి ఒకేసారి పడ్డ పనుల్ని విడదీసే సర్దుబాటు) ఆటోమేటిక్‌లో ఉంటే ఒకే మేస్త్రీకి రెండు పనులిచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి వెనక్కి జరుగుతుంది. రిసోర్స్ ట్యాబ్‌లో దాన్ని మాన్యువల్ చెయ్యండి. ఫలానా టాస్కుని లెవెలింగ్ అసలు ముట్టకూడదంటే దాని ప్రయారిటీ 1000 పెట్టండి. ఒక మనిషిని టాస్కుకి కేటాయించగానే తారీఖు మారితే అతని క్యాలెండర్లో సెలవులున్నాయని. ఫిక్స్‌డ్ డ్యూరేషన్ అనే టాస్క్ టైప్ చూసి "ఇదే నాక్కావాల్సింది" అనుకోకండి, అది పని ఎన్ని రోజులో నిలబెడుతుంది, ఏ రోజుల్లోనో కాదు. ఆటోమేటిక్ లెక్కింపు ఆపేసి, మళ్లీ లెక్క వెయ్యమనే ఎఫ్9 మీట నొక్కకుండా తిరిగేవాళ్లనీ చూశాను. దానికి నా దగ్గర సలహా లేదు, సానుభూతి ఉంది.

రేపు ప్రైమవేరా పీ6 అనే ఇంకో షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తే పేర్లు మారతాయి, సంగతి ఇదే. అక్కడ మ్యాండేటరీ స్టార్ట్, మ్యాండేటరీ ఫినిష్ అనేవి లింకుల్ని పూర్తిగా తొక్కేస్తాయి, వాటి జోలికి పోకుండా స్టార్ట్ ఆన్ ఆర్ ఆఫ్టర్, ఫినిష్ ఆన్ ఆర్ బిఫోర్‌తో నెట్టుకురావచ్చు. ఒక మంచి గుణం, బంధనం ఉన్న తారీఖు పక్కన నక్షత్రం గుర్తు, నిజంగా జరిగిన తారీఖు పక్కన ఇంగ్లిష్ 'A' అక్షరం అచ్చులో కూడా కనిపిస్తాయి. ప్రింటు చూడగానే ఎవరు ఎక్కడ మేకు కొట్టారో దొరికిపోతుంది.

మీ ఫైలుకి నేనైతే ఇలా చేస్తాను. ముందు కాపీ తీసి పక్కన పెడతాను. కన్‌స్ట్రెయింట్ టైప్, కన్‌స్ట్రెయింట్ డేట్, టోటల్ స్లాక్ అనే మూడు కాలమ్‌లు తెచ్చుకుంటాను. అయిపోయిన పనులన్నిటికీ యాక్చువల్ తారీఖులు ఎక్కిస్తాను. తర్వాత మిగిలినవన్నీ సెలెక్ట్ చేసి, టాస్క్ ఇన్ఫర్మేషన్‌లో ఒక్కసారే యాజ్ సూన్ యాజ్ పాజిబుల్‌కి మార్చేస్తాను. ఇప్పుడు చార్టు వికారంగా మారుతుంది, కొన్ని పనులు ప్రాజెక్టు మొదటి రోజుకి ఎగిరి కూర్చుంటాయి. భయపడకండి, అవి లింకులు లేని పనులు, ఇన్నాళ్లూ మేకు మీద వేలాడుతున్నాయి. వాటికి లింకులు కలపండి. ఆ తర్వాత ముహూర్తానికి ఒకటి, లిఫ్టు రాకకి ఒకటి బంధనం పెట్టి, మీరిచ్చిన మాటలకి డెడ్‌లైన్లు పెట్టి, స్లాక్ కాలమ్ చూడండి.

మైనస్ కనిపిస్తే బంధనం తీసేసి మాయం చెయ్యకండి. ఆ అంకె తీసుకెళ్లి ఓనరు గారికి ఇవాళే చూపించండి, శ్రావణంలో ఇంకో ముహూర్తం ఉందేమో పురోహితుణ్ని అడిగేది ఆయనే.